సొంతూళ్ళో అద్దెకి: కాకినాడ గాంధీనగర్‌లో మేడ మీద పోర్షన్

బోర్డు లేని ఇల్లు ఇది. యాప్‌లో కనిపించదు, గూగుల్ మ్యాప్‌లో చుక్క ఉండదు. కాకినాడ గాంధీనగర్ పార్కుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఓ పాత మేడ. కింద ఓనరు మామ్మగారు ఉంటారు, మేడ మీద పోర్షన్ సామాన్లతో సహా అద్దెకిస్తారు. రోజు లెక్కన 1,200. నెలకి మాట్లాడుకుంటే 17,000. కరెంటు మీటరు వేరే. గ్యాస్ బండ మనమే తెచ్చుకోవాలి, లేదంటే ఆవిడ దగ్గరున్న రెండో బండకి డబ్బులిచ్చి వాడుకోవాలి. అడ్వాన్స్ 5,000. పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. గాంధీనగర్, రామారావుపేట వీధుల్లో పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిపోయి పైపోర్షన్లు ఖాళీగా పడున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. వెతికితే ఇలాంటిది మీకూ దొరుకుతుంది. దొరికినప్పుడు ఏం చూసుకోవాలో, దేనికి సర్దుకుపోవాలో చెబుదామని రాస్తున్నాను.

మాది మిషనరీ కుటుంబం. ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం దగ్గర, సవర గిరిజనుల ఊళ్ళ మధ్య ఉంటాం. మా ఆయన ఊళ్ళు తిరుగుతారు, నేను హాస్టల్ పిల్లల చదువూ తిండీ చూస్తాను. ఇద్దరం పుట్టి పెరిగింది కాకినాడలోనే. ఆయనది జగన్నాథపురం, మాది వంతెనకి ఇవతల. పిల్లలిద్దరూ మాత్రం గుణుపురంలోనే పుట్టారు. వేసవిలో నెల రోజులు సెలవు దొరుకుతుంది, అప్పుడు ఇక్కడికొస్తాం. మావయ్యగారు పోయాక జగన్నాథపురం ఇల్లు అమ్మేసి వాటాలు పంచుకున్నారు. అప్పట్నుంచి ఈ ఊళ్ళో మాకంటూ ఓ గుమ్మం లేదు.

ఈ పోర్షన్ సంగతి తెలియక ముందు మెయిన్ రోడ్డు దగ్గర ఓ లాడ్జికి వెళ్ళాం. పేరెందుకులెండి. కౌంటర్లో కుర్రాడు మా ఆయన ఆధార్ కార్డు తీసుకుని చూసి, చాలా మర్యాదగా వెనక్కిచ్చేశాడు. "లోకల్ ఐడీ మీద రూమ్ ఇవ్వమండి. ఓనర్ గారు ఒప్పుకోరండి" అన్నాడు. ఆ కార్డు మీద ఇంకా అమ్మేసిన ఇంటి అడ్రసే ఉంది. ఆ నంబరులో ఇప్పుడు మందుల షాపు నడుస్తోంది. ఆ మాట చెబితే కుర్రాడికి ఇంకా అనుమానం పెరిగింది. అప్పుడు నా కార్డు తీసి ఇచ్చాను. దాని మీద ఒడియాలో గుణుపురం అడ్రసు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "మేడమ్‌ది బయట స్టేట్ కదండీ, దీని మీద ఇచ్చేస్తానండి" అన్నాడు. ఊరివాడైన పాపానికి ఆయనకి గది లేదు, పొరుగు రాష్ట్రందాన్నైన పుణ్యానికి నాకుంది! తీరా చూస్తే గదికి కిటికీ లేదు. పిల్లలు మంచం ఎక్కి గెంతడం మొదలెట్టేసరికి కింద నుంచి ఫోనొచ్చింది. ఆ రాత్రికి ఉండి, పొద్దున్నే మా చర్చిలో ఒక అక్క చెబితే ఈ మేడ చూడ్డానికి వచ్చాం.

చుట్టాలిళ్ళు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి, చాలా ఏళ్ళు అక్కడే దిగాం. మా బావగారిది రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అత్తయ్య వాళ్ళ దగ్గరే ఉంటారు. తోడికోడలు ఏనాడూ మొహం మాడ్చుకోలేదు, అది మాత్రం చెప్పి తీరాలి. కానీ ఒకరింట్లో ఉన్నప్పుడు పిల్లల్ని గట్టిగా ఓ కేకైనా వెయ్యలేం. పెరుగు ఇంకోసారి వేసుకోవద్దని కళ్ళతో సైగ చెయ్యాలి. తువ్వాలు ఎక్కడ ఆరెయ్యాలో అడగాలి. మా ఆయనా నేనూ పోట్లాడుకోవాలంటే లిఫ్టులో పోట్లాడుకోవాలి, అదీ మూడో అంతస్తు వచ్చేలోపు ముగించాలి. పైగా వాళ్ళు మా కోసం రోజూ కోడి తెస్తారు, మేము వద్దని రోజూ అంటాం. నెలాఖరుకి ఇద్దరికీ అలసటే. సెలవు అయిపోయి మళ్ళీ ప్యాసింజర్ ఎక్కి సీట్లో కూలబడ్డాక గానీ నాకు సెలవు మొదలైనట్టు ఉండేది కాదు.

ఈ తిప్పలు మాతో మొదలైనవేం కాదు. తంతి శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన కాకినాడలో మొదలుపెట్టిన పనికి తోడుగా, 1874లో కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్లారిన్ వచ్చారు. మన మెక్లారిన్ హైస్కూలు పేరు ఆయనదే. ఆ తరం మిషనరీలు ఏళ్ళ తరబడి ఇక్కడుండి, ఓడెక్కి సెలవుకి స్వదేశం వెళ్ళేవాళ్ళు. వెళ్ళాక ఆ సెలవంతా చర్చీల చుట్టూ తిరిగి పని గురించి చెప్పడం, చందాలు పోగెయ్యడం. ఇక్కడ పుట్టిన వాళ్ళ పిల్లలకి ఆ దేశంలో చలీ కొత్తే, చుట్టాలూ కొత్తే. ఓడ పోయి మాకు రైలొచ్చింది గానీ సెలవు తీరు పెద్దగా మారలేదు. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళని చూసి కుళ్ళుకుంటాను. అమెరికాలో న్యూజెర్సీ తీరాన వెంట్నోర్ అనే ఊళ్ళో 1922 నుంచే, సెలవుకొచ్చే మిషనరీ కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఇళ్ళు నడిపారు. మన చర్చీలూ ఇప్పుడు బయటికి మనుషుల్ని పంపుతున్నాయి. వాళ్ళు తిరిగొస్తే ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం, నేను చూసినంతలో, ఇంకా చుట్టాల ఖాతాలోనే ఉంది.

సరే, ఇంటి విషయానికొస్తాను.

మెట్లు బయట నుంచి ఉన్నాయి. ఇది మొదటి సుగుణం. కింది వాళ్ళ హాల్లోంచి వెళ్ళక్కర్లేదు, ఎవరొచ్చారో ఎవరు వెళ్ళారో సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే నిటారు మెట్లు, రెయిలింగ్ ఒక పక్కే ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళయితే ఒకసారి ఎక్కాక సాయంత్రం దాకా కిందకి దిగరు. పైన ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న వరండా. ఒక గదికి ఏసీ ఉంది, పాతది, మోత ఎక్కువ. మే నెల కాకినాడ ఉక్కపోతకి ఆ మోతే జోలపాట అనుకోవాలి. గుణుపురంలోనూ ఎండ మండిపోతుంది గానీ ఇక్కడిలా ఒళ్ళు జిడ్డోడదు. మా పిల్లలు మొదటి రెండు రోజులూ చొక్కాలు వేసుకోనని మొరాయించారు.

వంటిల్లు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే 17,000లో సగం దానికే ఇచ్చాననుకుంటున్నాను. గ్రానైట్ గట్టు, రెండు పొయ్యిలు, పాత ప్రెస్టీజ్ కుక్కర్, దాని గాస్కెట్ సాగిపోయింది, కొత్తది మేమే కొన్నాం. రుబ్బురోలు లేదు, మిక్సీ ఉంది. స్టీలు డబ్బాలు వరసగా, ఖాళీగా. వచ్చిన రోజే అత్తయ్యని ఆటోలో తీసుకొచ్చాం. ఆవిడ మెట్లెక్కి, ఆయాసం తీరేదాకా కూర్చుని, లేచి ఆ డబ్బాలన్నీ దించి తుడిచి తనకి నచ్చిన వరసలో మళ్ళీ పెట్టారు. కందిపప్పు చేతికందేట్టు, పంచదార పిల్లలకి అందకుండా. నేను కదిపితే ఊరుకోలేదు. బావగారింట్లో ఆవిడకి ఏ లోటూ లేదు, కానీ అక్కడ వంటిల్లు తోడికోడలిది. కూరలు తరిగి ఇవ్వడం వరకే ఆవిడ పని. ఇక్కడికొచ్చాక పొద్దున్న కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా అన్నీ తనే. పనసపొట్టు కూర ఆవపెట్టి చేశారు. వంకాయ కొత్తిమీర కారం చేశారు. మా ఆయన నలభై దాటిన మనిషి, కంచం ముందు కూర్చుని "అమ్మా, ఇంకాస్త" అంటుంటే మా చిన్నోడు వాళ్ళ నాన్నని వింతగా చూశాడు. వాడెప్పుడూ ఆయన్ని ఎవరికో ఒకరికి వడ్డిస్తుండగానే చూశాడు మరి.

ఇక ఇంటి నిబంధనలు. నాన్‌వెజ్ వండుకోవచ్చని మామ్మగారు మొదటే చెప్పారు. చేపలూ పర్లేదన్నారు. ఎండుచేపలు మాత్రం వద్దన్నారు. కాకినాడలో ఉండి మెత్తళ్ళు వండుకోవద్దంటే ఏం న్యాయమండీ ఇది? అత్తయ్య ఒకరోజు ఆగలేక చింతచిగురు వేసి మెత్తళ్ళు వండేశారు. వాసన కిందకి వెళ్ళకుండా తలుపులన్నీ వేశాం గానీ మెత్తళ్ళ వాసనకి తలుపులు లెక్కా? మామ్మగారు పైకి రాలేదు, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర రెండు అగరుబత్తీలు గుచ్చి కనిపించాయి. అంతకంటే గట్టిగా ఎవరు తిట్టగలరు?

నీళ్ళు ఈ ఇంటికి పెద్ద లోపం. మున్సిపల్ కుళాయి పొద్దున్నే కాసేపు వస్తుంది, అది కింద సంపులో పడుతుంది. పై ట్యాంకుకి ఎక్కేది బోరు నీళ్ళు. ఆ నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచైపోతుంది. తాగడానికీ వంటకీ ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించుకోవాలి. కుర్రాడు మెట్లెక్కి తేవడానికి క్యానుకి ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు. అదైనా సరే. అసలు గొడవ మోటారు స్విచ్‌తో. అది కింద మామ్మగారి వంటింట్లో ఉంది. ఆవిడ మధ్యాహ్నం పడుకుంటే పైన నీళ్ళు అయిపోయినా లేపడానికి మొహమాటం. నలుగురం, అత్తయ్యతో ఐదుగురం, పైగా వచ్చేపోయే జనం. ఒళ్ళంతా సబ్బుతో మా పెద్దమ్మాయి బాత్రూంలోంచి అరిచిన రోజులున్నాయి. పైన ఒక స్విచ్ పెట్టించమని అడిగాను. "మీరు ఆపడం మర్చిపోతే ట్యాంకు పొంగుతుందమ్మా" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. అద్దె కట్టేవాళ్ళ తిప్పలు అద్దె కట్టేవాళ్ళవి. ఇలాంటి ఇల్లు చూసుకునేటప్పుడు కుళాయి తిప్పి చూడ్డం సరే, స్విచ్ ఎవరి చేతిలో ఉందో ముందు అడగండి.

డాబా మాత్రం బంగారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ, అడ్డుగా చెట్టు లేదు. మాగాయ పెట్టాం. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెచ్చి, చెక్కు తీసి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరేశాం. నాలుగో రోజు ముక్కలు పిండి, ఉతికిన పాత చీర మీద పరిచాం. కాకులకి కాపలా మా చిన్నోడు. కర్ర పట్టుకుని, సవర పాట ఏదో పాడుకుంటూ, మధ్య మధ్య ఒక్కో ముక్క నోట్లో వేసుకుంటూ. ముక్కలు పెళపెళలాడేలా ఎండాక మళ్ళీ ఆ ఊటలో వేసి, కారం, మెంతిపిండి కలిపి ఇంగువ పోపు పెట్టాం. గుణుపురంలో మేము ఈ పని చెయ్యలేక కాదు. అక్కడా ఎండుంది, అక్కడా మామిడికాయలున్నాయి. పక్కన నుంచుని "ఇంకా ఆరాలి, ముట్టుకోకు" అనే మనిషి లేదు, అంతే. డాబా వాడుకుంటామని మామ్మగారికి ముందే చెప్పండి. మేము చెప్పలేదని మొదటి రోజు ఆవిడ బట్టలన్నీ తీగ మీదే ఉంచి, మా ముక్కల మీద నీడ పడేట్టు చేశారు. కావాలనే అని నా అనుమానం.

ఇంటికి ఎవరు వచ్చినా మామ్మగారికి అభ్యంతరం లేదు, రాత్రి తొమ్మిదిన్నర దాటకూడదు. మా ఇంటికి జనం ఎక్కువ. సెలవంటే మాకు ఆదివారాలు లేనట్టే లెక్క. ప్రతి ఆదివారం ఏదో ఒక చర్చిలో మా ఆయన పని గురించి చెప్పాలి, ఫోటోలు చూపించాలి. ఆఖర్లో పిల్లల్ని పిలిచి సవరలో పాట పాడమంటారు. వాళ్ళు పాడతారు, అందరూ చప్పట్లు కొడతారు. మా పెద్దదానికి పదమూడు నిండాయి, ఈసారి పాడనంది. పాస్టరుగారు మైకులోనే బతిమాలారు. అది కదల్లేదు. ఇంతకు ముందైతే ఆ సాయంత్రం బావగారింట్లో నలుగురి మధ్యా దానికి హితబోధ జరిగేది, దాని తరఫున నేను అందరికీ నవ్వుతూ సర్దిచెప్పేదాన్ని. ఈసారి మేడెక్కి తలుపేసుకున్నాం. "అక్కడ అందరూ పాడేదేగా అమ్మా, ఇక్కడ పాడితే సర్కస్ లాగుంటుంది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒక దోశ ఎక్కువ వేశాను. తలుపేసుకునే వీలున్న ఇంటికి అద్దె ఇవ్వడంలో తప్పేం లేదనిపించింది.

పాత బట్టల సంచులు ఇంకో సంగతి. "అక్కడ పిల్లలకి పనికొస్తాయి" అని జనం తెచ్చి ఇస్తారు. మంచి మనసుతోనే ఇస్తారు. కొన్నిటికి జిప్పులుండవు, కొన్ని పట్టు లంగాలు, ఒకసారి ఒక కోటు. మెట్ల మలుపులో సంచులు పేరుకుపోయేసరికి మామ్మగారు "బట్టల కొట్టు పెడుతున్నారేంటమ్మా?" అని అడిగారు. కొత్త నోటుపుస్తకాలు, పెన్సిళ్ళు ఇస్తే మాకు ఎక్కువ ఉపయోగం, ఇది చదివేవాళ్ళెవరైనా ఉంటే. రైల్లో మొయ్యడానికీ తేలిక. ఇక్కడ నుంచి సామర్లకోట, అక్కడ నుంచి విశాఖపట్నం, మళ్ళీ గుణుపురం ప్యాసింజర్. నౌపడా దగ్గర మెయిన్ లైను వదిలి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వంశధార పక్కకి చేరుకునేసరికి ఒళ్ళు హూనం. పర్లాకిమిడి రాజావారి కాలంలో, 1900లో వేసిన చిన్న లైను అది, 1931లో గుణుపురం దాకా వచ్చింది. దాన్ని 2004లో ఆపేసి పెద్ద లైనుగా మార్చి 2011లో మళ్ళీ తెరిచారు. మధ్యలో అన్నేళ్ళూ ఈ ఊరగాయ జాడీలు బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళినవాళ్ళని తలుచుకుంటే ఇప్పుడు మాకు పండగే.

మామ్మగారి గురించి ఇంకో రెండు ముక్కలు. మొదట్లో ముభావంగా ఉన్నారు. "ఏం పని చేస్తారు?" అంటే మా ఆయన నిజం చెప్పారు. ఇల్లు ఇవ్వరేమో అనుకున్నా. ఆవిడ వినాయకుడి పటం కిందే కూర్చుని మాట్లాడుతున్నారు మరి. కాసేపు ఊరుకుని, "ఒడిశాలో ఆయనెవరో, పిల్లలతో సహా కాల్చేశారు కదా, మీకు భయం లేదా?" అన్నారు. ప్రతి వేసవీ మాకు ఎవరో ఒకరు వేసే ప్రశ్నే ఇది. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన ఇద్దరు కొడుకుల్నీ జీపులోనే తగలబెట్టారు. అది కేంఝర్ జిల్లా, మాకు చాలా దూరం. మా ఆయన ఎప్పుడూ దూరం సంగతే చెప్పి ఊరుకుంటారు. నేను మాత్రం స్టెయిన్స్ గారి భార్య గ్లాడిస్ గారి గురించి చెబుతాను. ఆస్ట్రేలియా మనిషి, భర్తా కొడుకులూ పోయినా కూతురితో కలిసి బారిపదలోనే ఉండిపోయారు, 2004 దాకా కుష్ఠురోగుల ఆశ్రమం పని చూసుకున్నారు. మామ్మగారు విని, "సొంతూరు వెళ్ళిపోలేదా?" అని అడిగి, మళ్ళీ తనే "ఏం వెళ్తుందిలే" అన్నారు.

ఊరి పేరు గుణుపురం అన్నాక ఆవిడ దారికొచ్చారు. వాళ్ళ తాతగారు గుణుపురం తాలూకాఫీసులో గుమాస్తాగా చేశారట. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ తాలూకా మన విశాఖపట్నం జిల్లాలోదే, మద్రాసు ప్రెసిడెన్సీ కింద. "మనూరేగా అయితే" అని తేల్చేశారు. అక్కడ మాట్లాడేది ఒరియానా అని అడిగితే, ఊళ్ళో ఒడియా, తెలుగూ, కొండల మీద సవర, గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి నేర్చుకున్న భాషే అని చెప్పాను. గిడుగు పేరు వినగానే అద్దె 18,000 నుంచి 17,000కి దిగింది. పుణ్యాత్ముడు, పోయి ఇన్నేళ్ళయినా వెయ్యి రూపాయలు మిగిల్చాడు.

పైపోర్షన్ వాళ్ళబ్బాయి కోసం కట్టించిందట. ఆయన డాలస్‌లో ఉంటాడు. పెద్ద గదిలో ఒక బీరువాకి తాళం ఉంటుంది, అది మనం వాడుకోకూడదు. గోడకి ఆయన ఇంజినీరింగ్ పట్టా ఫ్రేము, పక్కన క్రికెట్ బ్యాటు. దాన్ని చిన్నోడు తీశాడని ఒకరోజు పెద్ద పంచాయితీ. తీసింది తియ్యగా, కవరు మీద ఆయన పేరు రాసి ఉంటే కింద తన పేరు ఒడియాలో రాశాడు. నాకు చెమటలు పట్టాయి. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఏం రాశాడూ?" అని చదివించుకున్నారు. చెరపమనలేదు, బ్యాటు మాత్రం కిందకి తీసుకుపోయి తన గదిలో పెట్టుకున్నారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, వాళ్ళ వైపు నుంచి కూడా ఈ ఇంటి గురించి చెప్పాలి. వాళ్ళకి కాకినాడ సెలవుకొచ్చే ఊరు, అంతే. కోటయ్య కాజా ఇష్టం, సుబ్బయ్య హోటల్ ఆకు భోజనంలో ఎన్ని రకాలు వస్తాయో లెక్కపెట్టడం ఇష్టం, సూర్యారావుపేట బీచి ఇష్టం. వారం దాటాక పొద్దున్నే మాండియా జావు అడగడం మొదలెట్టారు. అంటే మన రాగి అంబలే, కాకపోతే అక్కడ హాస్టల్ పిల్లలతో కలిసి తాగే రుచి వేరు. అత్తయ్య రాగిపిండి తెప్పించి, మజ్జిగ పోసి ఉల్లిపాయ ముక్కలు వేసి చేసిచ్చారు. ఇది కాదన్నారు. ఇంకోసారి పల్చగా చేశారు. ఇదీ కాదన్నారు. మూడోసారి నన్ను అడిగి, రాత్రి కలిపి పెట్టి పులియనిచ్చి చేశారు. అప్పుడు తాగారు. చుట్టాలింట్లో అయితే మొదటిది కళ్ళు మూసుకుని తాగేవాళ్ళు, "బాగుంది పెద్దమ్మా" అనేవాళ్ళు. నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్పారు చూశారా, ఈ ఇంటికి నేను మార్కులు వేసేది అక్కడే.

ఎవరికి పనికొస్తుందంటే, వారం పైన ఉండేవాళ్ళకి, వండుకునేవాళ్ళకి, పెద్దవాళ్ళని తమ దగ్గరకి తెచ్చుకుని ఉంచుకోవాలనుకునేవాళ్ళకి. రెండు రోజుల పెళ్ళికొచ్చేవాళ్ళకి దండగ, గ్యాసూ క్యానూ చూసుకునేసరికే పెళ్ళయిపోతుంది. పార్కింగ్ లేదు, వీధిలోనే. దోమలు ఎక్కువ, కిటికీలకి మెష్ ఉంది గానీ వంటింటి కిటికీకి చిరిగింది. సాయంత్రం ఆరు తర్వాత తలుపు తీసి ఉంచకండి. మామ్మగారిని ఏమైనా అడగాలనుకుంటే సీరియళ్ళు అయ్యాక వెళ్ళండి, అంతకు ముందు ఆవిడ తలుపు తియ్యరు.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో 300 పట్టుకున్నారు, గోడ మీద పసుపు మరకకి. ఆ మరక మేము రాకముందు నుంచీ ఉంది, దిగిన రోజు తీసిన ఫోటోలో కూడా కనిపిస్తోంది. ఫోటో చూపిస్తే, "మాగాయ పెట్టింది మీరేగా" అన్నారు. వాదించలేదు, రైలుకి టైమైపోతోంది. వచ్చే మే నెలకి వెయ్యి రూపాయలు ముందుగా ఇచ్చి వచ్చాం. ఐదుకి మూడున్నర ఇస్తాను. మోటారు స్విచ్ పైన పెట్టిస్తే నాలుగున్నర.